నీళ్లు మోసే మాంత్రికుడు

మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల బిల్డింగుకు వాచ్‌మన్ మల్కయ్య. పాత వారపత్రికలోని మాంత్రికుడి నవలను ఇప్పుడు టీవీ సీరియల్‌గా తీస్తున్నారు. అది బాగుందని ఎవరన్నా అంటే చాలు, అతను విజిల్ నోట్లో పెట్టుకుని ఒక్కటి ఊదుతాడు.

"నవలల గట్ల లేదు సార్. మాంత్రికుడు పొద్దుగాల పెండ్లానికి నాలుగు బిందెల నీళ్లు తెచ్చిపెట్టినంకనే మంత్రం చదువుతడు. ఆ ముచ్చటే తీసేసిండ్రు. ఇగ కథల ఏమున్నది?"

చదువు రాని మల్కయ్యకు ఆ నవలను వారం వారం చదివి వినిపించింది భార్య యాదమ్మ. ఆనాటి నుంచి అతనూ రోజూ బోరింగు దగ్గర నాలుగు బిందెలు కొట్టి మోస్తున్నాడు.

ఈ విజిల్ గోల పడలేక, రెండో అంతస్తు ఆఫీసరు పట్టాభిరామయ్య గారు ఆ వారాలన్నీ కుట్టించి దాచుకున్న బైండు తెచ్చారు. మూడు వారాలు రోజూ మధ్యాహ్నం భోజనం మానుకుని, గేటు దగ్గరే స్టూలు మీద కూర్చుని, అక్షరం వదలకుండా చదివి వినిపించారు.

"విన్నావుగా మల్కయ్యా. మాంత్రికుడికి అసలు పెళ్లే కాలేదయ్యా."

మల్కయ్య విజిల్ తాడును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. పట్టాభిరామయ్య గారిని చూస్తే అతనికి జాలేసింది.

"ఏమనుకోకుండ్రి సార్. మీకు చదువుడు సరిగ్గ వస్తలేదు. రేపు మా యాదమ్మను తోల్కొస్త."