తడి మిరపకాయ, మెషిను కళ్లజోడు

కరోనా సద్దుమణిగాక వచ్చిన మిర్చి సీజన్‌లో నన్ను గుంటూరు శివారులోని ఒక కోల్డ్ స్టోరేజికి పంపారు. రిటైర్మెంటుకు ముందు అదే నా చివరి పోస్టింగు. హోదా సీనియర్ ఫీల్డ్ ఇంజనీరు. పని, మా కలర్ సార్టర్‌కు కొనేవాళ్ల ఎదుట అంగీకార పరీక్ష జరిపించడం. ఎర్రకాయల్లో పాలిపోయిన తాలు కాయను కెమెరాతో పట్టి, గాలి ఊది పక్కకు నెట్టే యంత్రం అది. అంతవరకు ఇలాంటివి ఎక్కువగా విదేశాల నుంచే వచ్చేవి. మా దాంట్లో కెమెరాతో సహా అన్నీ ఇక్కడ తయారైనవే. పరీక్ష తప్పితే కెమెరా విభాగాన్ని మూసేస్తామని బెంగళూరు ఆఫీసు ముందే చెప్పింది. ఆ విభాగాన్ని పెంచి పెద్దచేసింది నేనే.

యజమాని కోటేశ్వరరావు గారు శ్రీలంకకు వెళ్లే సరుకు ఇచ్చారు. మొదటిరోజే యంత్రం నిగనిగలాడే ఎర్రకాయల్ని తాలులో పడేసింది. చేత్తో తాలు ఏరే ఆడవాళ్లు పగలబడి నవ్వారు.

"మీ మెషినుకి కళ్లజోడు పెట్టించండి సారూ!" అంది వాళ్లలో పెద్దదైన నాగమణి.

యంత్రం కుదిరితే తమ కూలి పోతుందని వాళ్లకు తెలుసు. ఆ ఒక్క మాట తప్ప నాతో ఎవరూ మాట్లాడలేదు. మధ్యాహ్నం వాళ్లు గుండ్రంగా కూర్చుని తింటుంటే, నేను యంత్రం పక్కన ఒక్కడినే క్యారియరు విప్పుకునేవాణ్ణి. ఆ ఒంటరితనం మిర్చి ఘాటుకన్నా ఎక్కువ బాధించింది.

యంత్రం పొరబాటుకు కారణం మిర్చి రాశి దగ్గర దొరికింది. కాయ విరగకుండా ముందురోజే నీళ్లు చిలకరిస్తారు. యంత్రంలోని దీపం వెలుగులో తడి కాయ తళుక్కుమంటే కెమెరాకు తెల్లగా, తాలులా కనిపిస్తోంది. మా ల్యాబులో పొడి కాయలే వాడాం. ఆఫీసుకు ఫోను చేస్తే, పొడి కాయలే పోయించమన్నారు.

కోటేశ్వరరావు గారు ఒప్పుకోలేదు. "నీళ్లు చల్లకపోతే కాయ ముక్కలైపోద్దండీ. ముక్కలు పంపితే కొలంబోవాళ్లు తీసుకుంటారా?"

చివరికి దీపాల కోణం మార్చి, కెమెరా ముందు మెరుపు తగ్గించే గాజు పలక బిగించాను. తడి కాయే పోశాం. తాలు ఒకవైపు, ఎర్రకాయ ఒకవైపు చక్కగా పడ్డాయి. కోటేశ్వరరావు గారు ఆ సాయంత్రమే ఆర్డరు ఖాయం చేశారు. మా విభాగం నిలిచింది.

"కళ్లజోడు పెట్టించానమ్మా" అని నాగమణికి చెప్పాలనుకుంటూ మర్నాడు పొద్దున్నే వెళ్లాను. ఏరే షెడ్డు ఖాళీగా ఉంది. వాళ్లను ఇక రావద్దన్నారట.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నవి రెండు. సరుకును అక్కడివాళ్లు ఎలా వాడతారో అలాగే పరీక్షించాలి. యంత్రం పైదేశానిదైనా మనదైనా, పని పోయిన మనిషికి తేడా ఏమీ ఉండదు.