గడప అవతలి దేవుడు

మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉండాలని రాజ్యాంగం చదివినవాళ్ళు చాలామంది చెబుతారు. ఆ గోడను భుజాన వేసుకుని తిరిగింది మాత్రం ఈ ప్రభుత్వాఫీసు సూపరింటెండెంటు గారొక్కరే. అందుకే ఆఫీసంతా ఆయన్ని చాటుగా గోడగారు అనేది. ఆఫీసు గడప లోపల దేవుడి పేరు వినపడిందా, ఇక ఆయన్ని పట్టలేం. అంతగా పిలవాలనుంటే వరండాలోకి వెళ్ళి పిలుచుకోవాల్సిందే.

ఒకనాడు అకౌంటెంటు కాలి బొటనవేలు బీరువాకు కొట్టుకుంది. "ఓరి దేవుడా!" అన్నాడు పాపం.

"అది బయట," అన్నారు గోడగారు, ఫైల్లోంచి తలెత్తకుండా.

అకౌంటెంటు ఒంటికాలి మీద గెంతుతూ వరండాలోకి వెళ్ళి, తనివితీరా దేవుణ్ణి పిలిచి, మళ్ళీ గెంతుతూ వచ్చి కూర్చున్నాడు. సెలవుచీటీలో "దేవుడి దయవల్ల జ్వరం తగ్గినది" అని రాసినా ఆ ముక్క కొట్టేసేవారు. "మాత్రల వల్ల అని రాయవయ్యా. ప్రభుత్వానికి మందుల షాపు తెలుసు గానీ, పైవాడు తెలీదు!"

కొత్తగా చేరిన టైపిస్టుకు ఆయనంటే హడల్. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, ఇంట్లో సంపాదన ఆమెదొక్కటే. ఆమె మతం వేరు. భోజనాల వేళ వెనక వరండా చివర కాసేపు ప్రార్థన చేసుకునేది. సరిగ్గా అప్పుడే గోడగారు వరండా మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, అటు వచ్చినవాళ్ళందరి మీదా కస్సుమనేవారు. తనను పట్టుకోవడానికే కాపు కాస్తున్నారని ఆమె భయం.

అంతలో కొత్త ఆఫీసరు దిగాడు. రోజూ పొద్దున్నే అందరూ హాల్లో నిలబడి తన దేవుణ్ణి ప్రార్థించాలన్నాడు. రానివాళ్ళ ఉద్యోగాలు పర్మనెంటు కావని, టైపిస్టు వైపు చూసి మరీ చెప్పాడు.

గోడగారు లేచారు. "చిత్తం సార్. ఆ మాటే ఆర్డరుగా రాసి సంతకం పెట్టండి."

"సంతకమెందుకండీ? మీకు దేవుడంటే పడదా?"

"పడకేం సార్, మీ దేవుడే నా దేవుడూనూ. గంటసేపు మొక్కుకుని గానీ ఇంట్లోంచి కదలను. కానీ ఈ కుర్చీ ప్రభుత్వానిది. ప్రభుత్వానికి మతం లేదని మన రాజ్యాంగంలోనే ఉంది. సంతకం పెట్టాక కేసు పడితే మాత్రం, కోర్టుకు ఆ దేవుణ్ణే తోడు తీసుకెళ్ళాలి."

సంతకం మాట వినగానే ఆఫీసరు భక్తి సగం దిగిపోయింది. "అబ్బే, మాటవరసకన్నాను. ప్రార్థనా వద్దు, ఎవరి ఉద్యోగాలూ పోవు," అని గొణుక్కుంటూ గదిలోకి జారుకున్నాడు.

టైపిస్టు ధైర్యం చేసి దగ్గరికొచ్చింది. "మరి రోజూ వరండాలో కాపు కాసేది నన్ను పట్టుకోవడానికి కాదా?"

"నిన్ను కాదమ్మా! ఈ అకౌంటెంటుని ఆపడానికి. నువ్వు కళ్ళు మూసుకున్నావంటే చాలు, గ్లాసులు గలగలలాడిస్తూ అటే తగలడతాడు. వరండా అంటే గడప అవతలే కదా, అక్కడ నీకూ నీ దేవుడికీ మధ్య దూరే హక్కు ఎవడికీ లేదు."

ఆమెకు ఆయన మీద ఎక్కడలేని అభిమానం పొంగుకొచ్చింది. గోడగారు కుర్చీలో కూలబడి నుదుటి చెమట తుడుచుకున్నారు. "అమ్మయ్య! దేవుడే కాపాడాడు."

ఆఫీసంతా ఆయన వైపు తిరిగింది.

"సార్," అంది టైపిస్టు మెల్లగా, "అది బయట."

గోడగారు బుద్ధిగా లేచి, వరండాలోకి వెళ్ళి, ఆ మాట మళ్ళీ మొదటినుంచీ అన్నారు.