నేతి వత్తుల లెక్క

ప్రతి ఆదివారం పద్నాలుగు పువ్వొత్తులు చేసి, నేతిలో తడిపి ప్లాస్టిక్ డబ్బాలో పెడతాను. సోమవారం నుంచి పూటకొకటి చొప్పున వారానికి సరిపోతాయి. మూత బిగిస్తే ముక్కవాసన వస్తుందని వదులుగా ఉంచేవాణ్ణి. లీసెస్టర్‌లో కొడుకు ఇంటికి వచ్చాక దేవుడి అర వంటింటి కప్‌బోర్డులోకి మారింది కానీ, పద్ధతి మారలేదు.

ఒక గురువారం పొద్దున డబ్బాలో ఎనిమిది ఉండాల్సినవి ఆరే ఉన్నాయి. ‘రెండు తక్కువ. చేసేటప్పుడే తప్పానా?’ అని డైరీలో రాసుకున్నాను. మరుసటి వారం మూడు తక్కువ. ఆ పై వారం నాలుగు. మా అన్నయ్య మతిమరుపు ఇలాంటి చిన్న లెక్కలతోనే మొదలైంది.

కోడలి మెటర్నిటీ లీవు అయిపోతోంది. వచ్చే సోమవారం నుంచి పది నెలల మనవరాలు పగలంతా నా దగ్గరే. మందు వేశానని మరిచి మళ్లీ వేస్తే? మెట్ల దగ్గర గేటు వెయ్యకపోతే? కోడలికి చెప్పాలని రోజూ అనుకోవడం, మానుకోవడం.

ఆ బుధవారం కోడలు సింకు కింద ఏదో చూసి పిలిచింది.

“మావయ్యగారూ, ఇక్కడ జీలకర్ర ఒలికిందా?”

“జీలకర్ర కాదమ్మా, ఎలుక పెంటికలు.”

“అయ్యో! పిల్ల ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటోంది!”

మర్నాడే పెస్ట్ కంట్రోల్ అతను వచ్చాడు. కప్‌బోర్డుల కింది పలక ఊడదీసి టార్చి వేశాడు. గ్యాసు పైపు కన్నం పక్కన దూది గూడు. అందులో నా వత్తులు! “వీటికి నెయ్యితో విందు పెడుతున్నదెవరు?” అని ఇంగ్లీషులో అడిగి నవ్వాడు. పిల్ల ఉందని విషం పెట్టలేదు. కన్నంలో స్టీలు పీచు కూరి, పలక వెనక బోనులు పెట్టి వెళ్లాడు.

నాకు నవ్వు రాలేదు. గూట్లో ముట్టనివి ఐదు. తక్కినదంతా పీకిన దూది. ఎన్ని వత్తులదో చెప్పలేం. అప్పుడు కోడలికి మొత్తం చెప్పాను.

“తక్కువైన తొమ్మిదీ ఎలుకే ఎత్తుకెళ్లిందని రాసేయండి, మావయ్యగారూ.”

“దొరికింది ఐదేనమ్మా. సోమవారం నుంచి మధ్యాహ్నం ఒకసారి ఫోన్ చేసి, పిల్లకి ఏం పెట్టానో అడుగుతావా?”

“ఒకసారేంటి, నాలుగుసార్లు చేస్తా. విసుక్కోకూడదు మరి.”

వత్తులు బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలోకి మార్చాను. డైరీలో ఐదే రాశాను.