చదువుకి వారాలు

మా పెద్దమ్మ పోయింది. మొన్న ఆదివారం పొద్దున్న కాఫీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని లోపలికి వెళ్ళిందట. మళ్ళీ లేవలేదు. పెద్దనాన్న పంపిన మనిషి సైకిలు దిగకుండానే నాకు సంగతి చెప్పాడు. వారంలో ఆవిడ మాకు సెలవిచ్చేది ఆదివారం ఒక్కరోజే. వెళ్ళిపోవడానికి కూడా అదే రోజు చూసుకుందే అని తట్టేసరికి, ఏడుస్తున్నదాన్ని ఏడుస్తూనే నవ్వేశాను.

ఆవిడ గురించి నాలుగు మాటలు రాయాలని కళ్ళు తుడుచుకుని కూర్చున్నాను గాని, విచారంగా రాయడం నా వల్ల కావడం లేదు. ఆవిణ్ణి తలుచుకుంటే చాలు, ఎవరో చెయ్యి పట్టుకుని ఎక్కడికో లాక్కుపోతున్నట్టే ఉంటుంది. ఆవిడున్న ఇంట్లో కుదురుగా కూర్చున్నవాళ్ళని నేను చూడలేదు. అందుకని పాఠకులు నన్ను మన్నించాలి, ఈ నివాళి కాస్త పరుగులాగే సాగుతుంది.

రక్తసంబంధం చూస్తే ఆవిడ నాకు ఏమీ కాదు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి భిలాయికి కట్టుబడి పనుల్లోకి వచ్చిన తాపీమేస్త్రీ. పెద్దనాన్న కూడా మొదట్లో నాన్నతో ఒకే ముఠాలో ఉండి, తర్వాత ఉక్కు ప్లాంటులో ఉద్యోగం తెచ్చుకున్నాడు. అమ్మ నా చిన్నప్పుడే పోతే నేను ఊళ్ళో అమ్మమ్మ దగ్గర ఐదో తరగతి దాకా చదివాను. అమ్మమ్మ కూడా పోయాక నాన్న నన్ను భిలాయి తెచ్చుకున్నాడు. ఆ వేసవిలోనే ఆయనకి జ్వరం తగిలి, తగ్గినట్టే తగ్గి, ఆయన్ని తీసుకుపోయింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. కూలీల గుడిసెలో ఒక్కదాన్నీ కూర్చుని ఉంటే పెద్దమ్మ వచ్చి, నా బట్టల మూట చంకన పెట్టుకుని, "నడు, అన్నం సల్లారిపోతంది" అంది. ఉంచుకుంటానని గాని, పెంచుకుంటానని గాని ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. వాళ్ళ రెండు గదుల క్వార్టరులో అప్పటికే నాలాగే వచ్చిన చిన్నపిల్లలు ఇద్దరున్నారు. వీళ్ళలో మీ పిల్లలెవరని అడిగినవాళ్ళకి ఆవిడ మంచినీళ్ళు కూడా ఇచ్చేది కాదు.

బళ్ళు తెరవగానే నన్ను ప్లాంటు కాలనీలో మా సెక్టారు బడికి తీసుకెళ్ళారు. హెడ్మాస్టరు మంచివాడే. ఓపిగ్గా హిందీ పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. ఒక్క అక్షరం పోల్చుకోలేకపోయాను. లెక్క చెప్పమంటే, అడిగింది ఏమిటో అర్థమైతే కదా చెప్పడానికి! మా ఊళ్ళో ఐదో తరగతిలో మొదటి మార్కు నాది. ఆయన పెద్దనాన్నకి నెమ్మదిగా చెప్పాడు, భాష రాదు కాబట్టి ఒకటో క్లాసులో కూర్చోబెడదామని. ఆ క్లాసు పిల్లలు నా నడుం దాకా వస్తారు. నేను చచ్చినా కూర్చోనని అక్కడే చెప్పేశాను. బడి వద్దు, మాతోపాటు ఇటుకలు మోయడానికి పంపించమని నాన్న ముఠాలోని ఆడవాళ్ళు అప్పటికే రెండుసార్లు అడిగి వెళ్ళారు. పాపం వాళ్ళు నా మంచికే అడిగారు. పెద్దమ్మ మాత్రం కదలకుండా నిలబడి, ఆరో క్లాసులో కూర్చోవాలంటే ఏం చెయ్యాలో కనుక్కోమని పెద్దనాన్నని పొడిచింది. దీపావళి సెలవలయ్యాక తీసుకొస్తే పరీక్ష పెడతానని, నెగ్గితే ఆరు, లేకపోతే ఒకటేనని హెడ్మాస్టరు ఖాయం చేశాడు.

ఆవిడకి అక్షరం ముక్క రాదు. పెద్దనాన్నకి సంతకం వచ్చు. దీపావళి నాలుగు నెలల్లోకి వచ్చేసింది. ఇంటికి నడిచొస్తూ పెద్దమ్మ ఉన్నట్టుండి దారిలో ఆగిపోయింది. ఆవిడ విజయనగరంలో పెరిగింది. అక్కడ పల్లెల నుంచి చదువుకోవడానికి వచ్చిన పేద కుర్రాళ్ళు వారాలు చేసుకునేవారు. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో, అలా వారమంతా గడుపుకుని చదువు కానిచ్చేవారు. అది గుర్తొచ్చింది ఆవిడకి.

"తిండికేటి, మనింట్లో ఉంది. సదువే నేదు. సదువుకే వారాలెట్టిద్దాం దీనికి" అంది.

ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. మొదట మా వరసలోనే ఉన్న బెంగాలీ దాదా ఇల్లు. ఆయన ప్లాంటులో డ్రాయింగులు గీసే ఉద్యోగి. పెద్దమ్మకి అప్పటికి వచ్చిన హిందీ అంతా కలిపినా గుప్పెడు మాటలు ఉండవు. నన్ను ముందుకి తోసి, "సోమవార్, బచ్చీ" అంది. వాళ్ళు జాలిపడి చేటలో బియ్యం తెచ్చారు. ఆవిడకి రోషం ముంచుకొచ్చింది. చేట వెనక్కి నెట్టి, అచ్చమైన మన ఉత్తరాంధ్ర తెలుగులో, "అన్నం నానే ఎడతాను బాబూ, లెక్కలు నువ్వెట్టు" అని, వేలితో గాలిలో అంకెలు రాసి చూపించింది. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. దాదా పకపకా నవ్వి, తలుపు బార్లా తెరిచాడు. సోమవారం కుదిరింది.

మంగళవారం పక్క వీధిలో బీహారు దీదీ పుచ్చుకుంది. హిందీ అక్షరాలు ఆవిడ భాగం. ఒత్తు తప్పితే రొట్టెల కర్ర చూపించేది, కొట్టేది కాదు. బుధవారం ఇంగ్లీషుకి భిలాయి-3 అనే పేటకి వెళ్ళాలి. స్టేషన్ దగ్గర రైల్వే క్వార్టర్లలో ఒక గార్డుగారి భార్య ఉండేది, తాతల నాటి నుంచి రైల్వేలో ఉన్న మన తెలుగు క్రైస్తవుల ఇల్లు. పెద్దనాన్న షిఫ్టు చూసుకుని సైకిలు మీద దింపేవాడు. ఆవిడ ప్రార్థన చేసి పాఠం మొదలుపెట్టి, కేకు ముక్కతో ముగించేది. నాకు ఇంగ్లీషు మీద ప్రేమ కలగడానికి కారణం ఏదో నేను చెప్పను.

ఇదంతా చూసి, రోజూ మా గుమ్మంలోకి ఆకుకూరలు తెచ్చే ఛత్తీస్‌గఢీ బాయి అలిగి కూర్చుంది. అందరికీ వారం ఇచ్చి తనకి ఇవ్వలేదట. ఆవిడకీ చదువు రాదు. పెద్దమ్మ కాస్త ఆలోచించి గురువారం ఇచ్చింది. ఆ రోజు నేను ఆవిడ గంప వెనకాల సెక్టారంతా తిరుగుతూ భాజీ, భాజీ అని కేకలు పెట్టాలి, ఇంటింటా ఆడవాళ్ళతో బేరమాడాలి. నాకు భాష వచ్చింది అక్కడే. నోరు కూడా అక్కడే వచ్చింది. శుక్రవారం, శనివారం ఎవరివన్న దానిమీద దాదాకీ దీదీకీ మధ్య జరిగిన తగువు మా వీధి చాలా రోజులు చెప్పుకుంది.

పాఠం ఎలా చెప్పారో పెద్దమ్మకి తెలిసే దారి లేదు. అందుకని ఒక పద్ధతి పెట్టింది. నేను గుమ్మం ఎక్కగానే, బజారు నుంచి వచ్చినదాన్ని అడిగినట్టు, "ఇయ్యాలేటి తెచ్చేవు?" అనేది. కంచం ముందు కూర్చుని ఆ రోజు నేర్చుకున్నది ఒక్కటి చెప్పాలి. చిన్నవాళ్ళిద్దరూ నోరు తెరుచుకుని వినేవారు, ఆవిడ కూడా అంతే. ఏమీ తేలేదని ఒకరోజు ఒప్పుకుంటే, ఇంకో గరిటె పప్పు వేసి, "అయితే రేపు రెండు తేవాల" అంది. అంతకంటే గట్టి శిక్ష నాకు ఆ ఇంట్లో పడలేదు.

మొదట్లో నాకు ఆ ఇళ్ళకి వెళ్ళాలంటే మనసొప్పేది కాదు. నాన్న లేని పిల్లని కాబట్టి పెడుతున్నారనిపించేది. ఒక మంగళవారం వెళ్ళనని మొండికేస్తే, పెద్దమ్మ జడ వేస్తూ వేస్తూ ఆగింది.

"తల దించుకోకు గుంటా. అడుక్కోడానికి ఎల్తన్నావా? నీ వారం నువ్వు తీసుకోడానికి ఎల్తన్నావు" అంది.

ఆ మాట ఎంత మందికి చెప్పిందో! నా తర్వాత ఆ ఇంట్లో పెరిగిన పిల్లలందరూ అలాగే వారాలకి వెళ్ళారు. ఇప్పుడు కూడా ఇద్దరున్నారు, ఒకడు ఏడు, ఒకత్తె నాలుగు చదువుతున్నారు. మొన్న పెద్దమ్మని సాగనంపి వచ్చి, అందరం వాకిట్లో కూలబడి ఉంటే, దీదీ కళ్ళొత్తుకుంటూనే, రేపు సోమవారం గదా, లెక్కలకి పిల్లల్ని పంపుతారా అని అడిగింది. దాదా తను వచ్చి తీసుకెళ్తానన్నాడు. పెద్దనాన్న తలూపాడు. నేనిప్పుడు టీచరుని. దాదా, దీదీ తగువు పడ్డ ఆ శుక్రవారం నాకు ఇమ్మని బతిమాలి తీసుకున్నాను.

ఇక ఆ పరీక్ష సంగతి. దీపావళి సెలవలయ్యాయి. పెద్దమ్మ నన్ను ముందు నడిపించుకుని బడికి తీసుకెళ్ళింది. పెద్దనాన్న పొద్దుటి షిఫ్టులో ఉన్నాడు. ఇవాళ తప్పితే రేపట్నుంచి నడుం దాకా వచ్చే పిల్లల మధ్యనో, ఇటుకల తట్ట కిందనో ఉంటాను. హెడ్మాస్టరు పుస్తకం ఇచ్చాడు, చదివాను. బోర్డు మీద లెక్కలు వేశాడు, దాదా నేర్పినట్టు స్కేలు పెట్టి గీతలు కొట్టి మరీ చేశాను. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, నీ గురించి నువ్వు చెప్పు అన్నాడు.

నేనందుకున్నాను. "మోర్ ఘర్", అంటే మా ఇల్లు, అని బాయి భాషలో మొదలుపెట్టాను, దీదీ మర్యాదలు తగిలించాను, దాదాలా మాటల్ని గుండ్రంగా తిప్పాను, మధ్యలో ఇంగ్లీషులో ఆయనకి థాంక్యూ కూడా చెప్పాను. ఆపమన్నా ఆగేలా లేను. ఆయన కళ్ళజోడు తీసి, పక్క గదిలోంచి ఇద్దరు మాస్టర్లని పిలిచి, మళ్ళీ చెప్పమన్నాడు. నవ్వుతున్నారో తప్పు పడుతున్నారో నాకు తెలియలేదు. ఈ హిందీ నీకెవరు నేర్పారని అడిగాడు. నేను రోజుల వారీగా ఇళ్ళు చెప్పుకుంటూ పోయాను. ఆయన పెద్దమ్మ వైపు తిరిగాడు.

"హమ్ నహీ సాబ్, పూరా సెక్టర్" అంది పెద్దమ్మ, చేతులు కట్టుకుని, మేం కాదు, సెక్టారంతా కలిసి నేర్పిందని.

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. నన్ను చూసి, "ఛఠీ మే బైఠేగీ" అన్నాడు. పెద్దమ్మకి ఆ ముక్క అర్థం కాలేదు. ఆయన్ని వదిలేసి నా మొహంలోకి చూసింది.

"ఏటంటన్నాడు?"

"ఆరో క్లాసు, పెద్దమ్మా."

ఆవిడ హెడ్మాస్టరుకి దణ్ణం పెట్టిందో లేదో నాకు గుర్తు లేదు. నా రెక్క పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చింది. సరిగ్గా అప్పుడే పొద్దుటి షిఫ్టు వదిలారు. ప్లాంటు వైపు నుంచి రోడ్డు నిండా సైకిళ్ళు వచ్చేస్తున్నాయి, అందరివీ ఒకే రంగు దుమ్ము కొట్టుకున్న మొహాలు. అందులో పెద్దనాన్న ఎక్కడో ఉన్నాడు, ఏ మొహం ఆయనదో పోల్చుకోవడం ఆ దేవుడి వల్ల కూడా కాదు. పెద్దమ్మ చెంగు నడుంలో దోపి, నన్ను పట్టుకుని రోడ్డు మధ్యలోకి నడిచింది. మా గుంటకి ఆరో క్లాసు ఇచ్చీసేరని తెలుగులో చెప్పింది. ఎవరికీ అందలేదనుకుందేమో, అప్పుడే విన్న కొత్త మాట అందుకుని ఛఠీ, ఛఠీ అని అరవడం మొదలుపెట్టింది. సైకిళ్ళు మమ్మల్ని తప్పుకుని రెండు పాయలుగా పోతున్నాయి. ముందు ఒకాయన నవ్వి బెల్లు కొట్టాడు. ఆ పక్కాయన కొట్టాడు. వెనకాలవాళ్ళు ఎందుకో తెలియకుండానే అందుకున్నారు. ప్లాంటు గేటు దాకా రోడ్డంతా బెల్లులే. పెద్దమ్మ నా చెయ్యి పైకెత్తి పట్టుకుని, వచ్చే ప్రతి మొహంలోనూ పెద్దనాన్నని వెతుక్కుంటూ, వచ్చే ప్రతి ఒక్కరికీ నన్ను చూపిస్తోంది. వాళ్ళలో ఎవరికీ నేనెవరో తెలియదు. అయినా బెల్లు కొట్టకుండా ఒక్కరూ మమ్మల్ని దాటి పోలేదు.