మూడుసార్లు చదివి వినిపించే తాత

నల్లగొండ కోర్టు గోడ పక్కన అర్జీలు రాసే తాత పోయాడని శుక్రవారం పొద్దున చాయ్ అమ్మే అతను చెప్పాడు. "మూడు దినాల జరమే అమ్మా. మన్ను గూడ ఏసి వచ్చినం." తాత చాప పరిచే జాగా ఉత్తగా ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను ముందు ఆయన కోసం ఏడవలేదు. సోమవారం గడిచేదెట్లా అని ఏడ్చాను.

సోమవారం మా అన్న కేసు. దొర దగ్గరి గుమాస్తాను చంపాడని అన్నకు ఉరిశిక్ష వేశారు. కళ్లారా చూశానన్న సాక్షి ఒక్కడే, మా ఊరి కావలికారు. తీర్పు వచ్చిన నెలకు అతనే మా వాకిట్లోకి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. బాపుతో అన్నాడు: "పటేలా, నేను మొకం జూడలే. గొంగడి జూసిన."

మా దిక్కు వానకాలం మనుషులను గొంగడిని బట్టే పోల్చుకుంటారు. తల మీదుగా కప్పుకుంటే మొహం కనిపించదు. అంచు చూసి ఫలానా ఆయన పోతున్నాడంటారు. ఎర్ర అంచు గొంగడి మా అన్నది. గుమాస్తా చావుకు ముందే, అన్నం అడగవచ్చిన దళం వాళ్లకు అన్న దాన్ని ఇచ్చేశాడు. ఇచ్చానంటే అదొక నేరం. అందుకే కోర్టులో నోరు విప్పలేదు.

మళ్లీ విచారించమని అర్జీ పెట్టాలి. వకీళ్లు కేసు పేరు వినగానే లోపలికి వెళ్లిపోయారు. తాత చాప మీద జరిగి జాగా ఇచ్చాడు. ఆయన ఉర్దూలో రాయాలి, కోర్టుకు కొత్తగా వచ్చిన, ఉర్దూ రాని హాకిముల కోసం నేను దాన్ని ఇంగ్లీషులో రాయాలి. "నేను కుడి దిక్కుకెంచి వస్త, నువ్వు ఎడమ దిక్కుకెంచి రా బిడ్డా. నడుమల కలుద్దాం" అని నవ్వాడు. పోలీసు యాక్షన్ నాటి నుంచి ఆయన కొడుకు జాడ లేదు. ఊరందరికీ అర్జీలు రాసిన మనిషి ఆ కొడుకు కోసం ఒక్కటీ రాయలేదు. ఎందుకని అడిగితే, కలం సిరాలో ముంచుతూ, "ఎవలికి రాయాలె?" అన్నాడు.

కావలికారు వేరే ఎవరి మొహమో చూశాడని ఒక్క ముక్క కలపమన్నాను. తాత కలం కింద పెట్టాడు. "చూడంది రాస్తే చూసింది గూడ పోతది."

రాసింది తెలుగులో మూడుసార్లు చదవనిదే ఆయన ఎవరి వేలికీ సిరా పూసేవాడు కాదు. మూడోసారి కళ్లద్దాలు తీసి, ఆ కాగితం వల్ల రాగల కీడు కూడా చెప్పేవాడు. కావలికారుకూ చెప్పాడు, మాట మార్చినందుకు నిన్నే జైల్లో వేయవచ్చని. అతను లేచి గేటు దాకా వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. నీ చదువుడుతో మా అన్నను చంపుతున్నావని అనేశాను.

"పోతే పోనీ బిడ్డా. తెల్వక ఏసిన వేలుతోని గదా మీ అన్న గీడిదాక వచ్చిండు. పోలీసు క్యాంపుల ఆ కావలికారుకు ఎవలన్న చదివి ఇనిపిచ్చిండ్రా?"

కావలికారు గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చి, ఇంకొక్కసారి చదవమన్నాడు. నాలుగోసారి విన్నాక వేలు చాపి ముద్ర వేశాడు. తాత అతని బొటనవేలిని తన భుజం మీది రుమాలుతో, పసిపిల్లకు మూతి తుడిచినట్టు తుడిచాడు.

సాక్షే స్వయంగా వచ్చి నోటితో చెప్పాలని కోర్టు అన్నది. తాత పక్కన నిలబడితేనే వస్తానన్నాడు కావలికారు. నిలబడతానని తాత మాట ఇచ్చాడు.

శనివారం తాత ఇంటికి పోతే ఆయన భార్య రుమాలు నా చేతిలో పెట్టింది. దాన్నీ, అర్జీ నకలునూ తీసుకొని కావలికారు గుడిసెకు పోయాను. తాత లేడని చెప్పాను. మూడుసార్లు చదివాను. మూడోసారి, జైల్లో వేయవచ్చన్న మాట దగ్గర ఆగాను. దాటేద్దామనుకున్నాను. ఎవరు అడుగుతారు? కానీ చెప్పాను. వస్తాననీ రాననీ అనకుండా అతను రుమాలు మాత్రం తీసుకున్నాడు.

ఇవాళ సోమవారం, ఈ నాలుగు ముక్కలు తాత జాగాలో కూర్చుని రాస్తున్నాను. కావలికారు వచ్చాడు. ఇందాక నా పక్కనే కూర్చుని రుమాలు విప్పాడు. ఒకదాని మీద ఒకటి, ఎన్ని వేళ్ల నల్లటి మరకలో. "గీండ్ల నాదేదమ్మా?" అని అడిగాడు. నేను వెతుకుతుండగానే లోపలి నుంచి అతన్ని పిలిచారు. కోర్టు తలుపు ఓరగా తెరిచి ఉంది. అతని మొహం కనిపించడం లేదు. వెనక్కి కట్టుకున్న చేతుల్లో రుమాలు, దాన్ని నలుపుతున్న బొటనవేలు కనిపిస్తున్నాయి.