మామిడి తొక్కల సిర్కా

అన్నాన్ని దైవంగా నిలిపిన వాక్కుకు మ్రొక్కి, ప్రమోదూత నామ సంవత్సర జ్యేష్ఠ బహుళ పంచమినాడు సిద్దిపేటలో మా వంటింట నేను చేసిన అపచారాన్ని వ్రాస్తున్నాను.

మా అక్క చిన్ననాటనే భర్తను పోగొట్టుకొని నా పంచన చేరింది. పచ్చళ్లు పెట్టి ఊళ్లో అమ్మేది. తమ్ముడి కూడు ఊరికే తినడం లేదని తనకు తాను చెప్పుకోవడానికి ఆమెకున్న ఆధారం అదొక్కటే. అంతకుముందు ఏడు వానకాలంలో జాడీలన్నీ బూజు పట్టాయి. కొన్నవారు ముఖం చాటేశారు. ఇంకొక్క ఏడు అట్లా జరిగితే ఆ ఆధారమూ పోతుంది.

అందుకని మామిడి తాండ్ర పోయగా మిగిలిన తొక్కలను, టెంకలను కుండలో వేసి, బెల్లపు నీళ్లు పోసి, గుడ్డతో వాసెన కట్టింది. రెండు నెలలకు అది బాగా పులిసి సిర్కా, అంటే వెనిగర్, అవుతుంది. అది కలిపిన పచ్చడికి బూజు రాదు. నేను ఆ గుడ్డ విప్పిననాటికి పన్నెండు రోజులే. నురుగు పొంగుతోంది. కల్లు వాసన.

పచ్చడి కోసం వచ్చిన ఇల్లాండ్రు ఇద్దరు వాకిట్లోనే ఉన్నారు.

"ఇంట్ల కల్లు దుకాణం పెట్టినవా అక్కా?" అన్నాను.

"ఇంక పండలే తమ్మీ. జర ఆగు, పుల్లగైతది. అప్పుడు నువ్వే అడిగి ఏసుకుంటవు."

"పులిసినదాంట్ల పెరుగొక్కటే తినాలని స్మృతిల ఉన్నది."

"స్మృతి ఎన్నడన్న పచ్చడి పెట్టిందా?"

ఇల్లాండ్రు నవ్వారు. నేను పురోహితుణ్ణి కనుక మడి, మైల విషయాలలో ఊరంతా నా మాటనే ప్రమాణమనుకునేది. ఆ నవ్వు నాకు ముల్లయింది. కుండను పెరట్లో కుమ్మరించాను. అక్క అడ్డు రాలేదు. చెదరిన టెంకలను ఒక్కొక్కటే ఏరి కుప్పవేసింది.

"పంతులే పారబోసిండట" అన్న మాట ఇల్లిల్లూ తిరిగింది. ఆ యేడు జాడీ అడిగినవారు లేరు. పెట్టినవి శ్రావణంలోనే బూజు పట్టాయి.

భాద్రపదంలో ఎవరికో ప్రాయశ్చిత్తం చెప్పవలసివచ్చి గ్రంథం తెరిచాను. పెరుగొక్కటే తినాలని నేను చెప్పిన శ్లోకం అందులో కనబడింది. దానిలో నాకు సగమే కంఠస్థం. మంచి పండ్లతో పులియబెట్టినవి తినదగినవేనని మిగిలిన సగంలో ఉంది. అక్కకు చదివి వినిపించాను.

"నాకెందుకు చెప్తవు? ఆ ఇండ్లకు పోయి చెప్పు" అంది.

నేను పోలేదు. సగం చదువుతో తీర్పు చెప్పానని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు.

మాఘ శుద్ధ దశమినాడు, అనగా 1991 జనవరిలో, అక్క దుబ్బాకలోని ఒక ఇంట్లో వంటకు కుదిరి మా ఇల్లు విడిచి వెళ్లింది.