కాళ్ళ మీది బెర్తు

డెబ్భైల చివర్లో, షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో ఉండగా, సొంతంగా ఒక ట్రైలర్ కట్టాలన్న పిచ్చి నాకు పట్టుకుంది. కారు వెనక తగిలించుకుని పార్కులకు వెళ్ళి, అందులోనే పడుకోవచ్చని ఆశ. నేను యంత్రాలు డిజైన్ చేసే ఇంజినీరుని. ట్రైలర్‌లో నాకూ నా భార్యకూ, ఏడేళ్ళ పాపకూ ఐదేళ్ళ బాబుకూ చోటు చాలాలి. మా చిన్న కారు లాగగలిగేంత తేలిగ్గానూ ఉండాలి. చలికాలమంతా డైనింగ్ టేబుల్ నిండా గ్రాఫ్ కాగితాలు పరిచి గీశాను. ఎలా గీసినా నలుగురిలో ఒకరు బయటే మిగిలేవారు.

ఒకరోజు కంచాలు పెట్టడానికి వచ్చిన నా భార్య కాగితం మీదికి వంగి చూసింది.

"ఏమండీ, పడుకున్నప్పుడు మన కాళ్ళ పైన అంత ఖాళీ దేనికి? లేచి కూర్చునేది తలవైపే కదా. అక్కడ రైల్లో పై బెర్తులా ఒకటి అడ్డంగా వేస్తే పిల్లలిద్దరూ పడుకుంటారు."

"బరువు ఆగొద్దూ? నీకు తెలీదులే, కాగితాలు తియ్యనీ," అన్నాను.

మర్నాడు ఆఫీసులో లంచ్ టైమ్‌లో ఆమె చెప్పిన బెర్తుకి లెక్క వేసి చూశాను. బరువూ ఆగుతుంది, చోటూ అంగుళం తేడా లేకుండా సరిపోయింది. ఇంటికొచ్చి "కుదిరింది" అన్నాను. ఎలా కుదిరిందో చెప్పలేదు. ఆమె బొమ్మ చూసి "మంచిదేగా" అని ఊరుకుంది.

వసంతమంతా గరాజ్‌లో ప్లైవుడ్ కోసి ట్రైలర్ కట్టాను. పరుపులకు గలీబులు, పాత చీరలతో కర్టెన్లు ఆమే కుట్టింది. వేసవిలో విస్కాన్సిన్‌లో ఒక చెరువు ఒడ్డుకు తీసుకెళ్ళాం. పక్కన దిగిన పెద్దాయన, రిటైరైన వడ్రంగి, చూస్తానంటూ వచ్చాడు. లోపలికి వంగి, పిల్లల బెర్తును చేత్తో గట్టిగా నొక్కాడు.

"భలే ఉంది. ఈ ఆలోచన ఎవరిది?" అని ఇంగ్లీషులో అడిగాడు.

నా భార్య రెండడుగుల దూరంలో స్టవ్ మీద ఉప్మా కలుపుతోంది. ఇంగ్లీషు ఆమెకు బాగానే వచ్చు. తలెత్తి నా వైపు చూసింది.

"నాదే. నేను ఇంజినీరుని," అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆమె తల దించుకుని, "పాపా, ప్లేట్లు తీసుకురామ్మా," అంది.

అది తొందరలో జారిన మాట అనుకోవచ్చు. కానీ ఆయన డ్రాయింగ్ కాపీ అడిగాడు. ఇంటికొచ్చి తీరిగ్గా ఇంకుతో గీసి, మూలన 'డిజైన్' అని రాసి, పక్కన నా పేరు పెట్టాను. పోస్ట్ చెయ్యమని ఆమెకే ఇచ్చాను. ఆమె కాగితాన్ని ఒకసారి చూసి, మడతపెట్టి కవర్లో పెట్టింది.

రెండేళ్ళకు పిల్లలు పొడుగయ్యారు. బెర్తు మార్చాల్సి వచ్చి, "నువ్వేమంటావ్?" అని అడిగాను.

"మీరే చూసుకోండి. డిజైన్ మీదే కదా," అంది. గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ సిగ్గేసింది.

ఆ సాయంత్రం వంటింట్లోకి వెళ్ళి, "తప్పు చేశాను. ఆ ఆలోచన నీది," అన్నాను.

"నాకు తెలిసిందే నాకు చెబుతున్నారు," అంది బియ్యం కడుగుతూ. "చెప్పాల్సింది ఆయనకి."

ఉత్తరం రాస్తానన్నాను. అడ్రసు ఉంది. రాయలేదు. ఏమని మొదలుపెట్టాలో తోచక వాయిదా వేశాను. తర్వాత మరీ ఆలస్యమైందని మానేశాను. ఆమె మళ్ళీ అడగలేదు. అప్పటినుంచి నేను గీసే ఏ కాగితం మీదికీ వంగి చూడలేదు.

ఎనభైల మధ్యలో ట్రైలర్‌ని అమ్మేశాం. కొనుక్కునే అతను బెర్తు చూసి మెచ్చుకున్నాడు. ఆ వేళ ఆమె ఇంట్లో లేదు.

"అది మా ఆవిడ డిజైన్," అన్నాను.

అతను హాస్యమనుకుని గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను.